ఖాలమ్మ లేపే పొద్దులు

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే రోడ్డు మీద కొంత దూరం పోయి ఎడమకు తిరిగితే మా కాలనీ వస్తుంది. ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ కంటే ప్లాట్లు కొని హద్దురాళ్ళు పాతి వదిలేసినవాళ్ళే ఎక్కువ. మావారికి ఈ పక్కనే మందుల కంపెనీలో ఉద్యోగం దొరకడంతో తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరుగా చేసేదాన్ని. ఏళ్ళ తరబడి పిల్లల్ని పరిగెత్తించాను, వాళ్ళ వెనక నేనూ పరిగెత్తాను. ఆ తరవాత స్కూలువాళ్ళు గ్రౌండులో ఇంకో బిల్డింగు లేపారు. గ్రౌండే లేకపోయాక ఆటల టీచరుతో పనేముంది? వాళ్ళు పొమ్మనలేదు, నేనే అర్థం చేసుకుని బయటికొచ్చేశాను.

ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. పొద్దున్నే లేచి కాలనీ చుట్టూ నడవడం మొదలుపెట్టాను. ఎదురింటావిడ తోడొచ్చింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. ఒకరోజు నడక మధ్యలో నోరు ఊరుకోక "చేతులు పైకి" అన్నాను. పాత అలవాటు. వాళ్ళు నిజంగానే ఎత్తేశారు. రోడ్డు మధ్యలో నలుగురు ఆడవాళ్ళం చేతులు పైకెత్తి నిలబడి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. మా వ్యాపారం పుట్టింది అక్కడే. అది వ్యాపారమని మాత్రం అప్పుడు మాకెవరికీ తెలియదు.

కాగితాల్లో పార్కు అని రాసి ఉన్న స్థలం నిండా తుమ్మచెట్లే. చదునుగా ఉన్నది ఓవర్‌హెడ్ ట్యాంకు కింద వేసిన గుండ్రటి సిమెంటు గచ్చు ఒక్కటే. ఎండా తగలదు, వానా పడదు. ట్యాంకు నిండి పొర్లినప్పుడు మాత్రం తూర్పు మూలన నిలబడ్డవాళ్ళ నెత్తిన నీళ్ళు పడేవి. అందుకని ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఆ మూలే దక్కేది. వాళ్ళను త్వరగా రప్పించడానికి నేనేమీ అనక్కర్లేకపోయింది.

ఖాలమ్మ మొదటిసారి కనిపించింది ఆ ట్యాంకు దగ్గరే. పక్క ఊళ్ళో వాళ్ళకు కాస్త పొలం ఉంది. కొడుకులు ఆకుకూరలు పండిస్తారు, ఆమె గంపలో పెట్టుకుని మా కాలనీకి తెచ్చి అమ్ముతుంది. ఖాలమ్మ అంటే వాళ్ళ ఉర్దూ మాటలో పిన్నమ్మ అనో పెద్దమ్మ అనో. ఊరంతా అలాగే పిలిచేది, మేమూ అదే పిలుపు అందుకున్నాం. ఆ రోజు గంప నెత్తిన పెట్టుకునే నిలబడి మమ్మల్ని చాలాసేపు చూసింది.

"ఏందమ్మా గిది? కూలి గూడ ఇయ్యకుండ గింత కష్టపడ్తున్నరు?"

అందరూ నవ్వారు. ఆమె గంప దించి, చీర కొంగు నెత్తి మీదికి సర్దుకుని నా దగ్గరికొచ్చింది.

"బేటా, నాకు మోకాళ్ళు మస్తు నొస్తున్నయ్. గీ గుంజీళ్ళు దీస్తె తగ్గుతయా?"

"పూర్తిగా తగ్గుతాయని చెప్పలేను ఖాలమ్మా. కూర్చుని లేచే తీరు మార్చుకుంటే కొంత నయంగా ఉంటుంది."

"సరే, కొంతే ఇయ్యి" అంది, కొత్తిమీర బేరమాడినట్టు.

అప్పటినుంచి గంప ఒక స్తంభానికి ఆనించి, మాతో చేసి, ఆ తరవాతే అమ్మకానికి పోయేది. నాగా పెట్టేది కాదు.

ఏడాది తిరిగేసరికి మా గుంపు పెరిగింది. ఇక్కడికొచ్చే ఒకామె చెల్లెలు దూలపల్లిలో ఉండేది. అక్కడ ఒక ఫంక్షన్ హాలు పార్కింగులో బ్యాచ్ మొదలైంది. ఇంకొకరి ఆడపడుచు ద్వారా మచ్చ బొల్లారంలో ఒకరి డాబా మీద మరొకటి. మా దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఆడవాళ్ళకు తర్ఫీదిచ్చి అక్కడ ట్రైనర్లుగా పెట్టాను. నెలనెలా కొద్దిపాటి ఫీజు తీసుకునేవాళ్ళం. నేనేమో మూడు వాట్సాప్ గ్రూపుల మధ్య కొట్టుకుపోతున్నాను. దూలపల్లికి పెట్టాల్సిన కబురు బొల్లారానికి పెట్టేదాన్ని. బీపీ ఉన్నావిడ ఎవరో, తల కిందికి వంచకూడనిది ఎవరో ట్రైనర్లకు ఫోన్ చేసి చెప్పేసరికి క్లాసు అయిపోయేది.

మా గోడ అవతల ఇంట్లో సిద్దిపేట వైపు అమ్మాయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లోంచే పని. కూర్చుని కూర్చుని నడుము పట్టేసి మా క్లాసుకొచ్చింది. నా తిప్పలు చూసి ఒకరోజు అంది.

"అక్కా, నువ్వు గీ గ్రూపులతోని మస్తు పరేషానవుతున్నవ్. మనం ఒక యాప్ జేద్దం. నేను జేస్త."

"నాకు అంత ఖర్చు పెట్టే స్తోమత లేదమ్మా."

"నేను నీతోని కలుస్త అంటున్న. కూలికి కాదు."

అలా ఇద్దరం భాగస్తులమయ్యాం. తన ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు కూర్చుని ఆ పిల్ల యాప్ తయారుచేసింది. పొద్దున్నే అది "ఇవాళ వస్తున్నారా?" అని అడుగుతుంది. నొక్కితే చాలు, ఎవరొస్తున్నారో, ఎవరికి ఏ నొప్పి ఉందో, ఎవరి చేత ఏది చేయించకూడదో ట్రైనరు ఫోన్లో కనిపిస్తుంది. వారం తిరక్కుండానే నా ప్రాణం కుదుటపడింది.

కాకపోతే అందులో ర్యాంకులు కూడా పెట్టాం. క్లాసు దగ్గరికొచ్చి హాజరు నొక్కాలి, ఎవరు ఎక్కువగా, ఎంత త్వరగా వస్తే వాళ్ళు పైన. ఉత్సాహంగా ఉంటుందని ఇద్దరం అనుకున్నాం. ఉత్సాహం బాగానే వచ్చింది.

మా వీధి చివర రిటైరైన బ్యాంకు మేనేజరుగారు ఉంటారు. మాది ఒకే జిల్లా కావడంతో బాబాయిగారని పిలుస్తాను. ఆయన ఎప్పుడూ మొదటి ర్యాంకే. ఎలాగా అని చూస్తే, పొద్దున్నే ట్యాంకు దాకా వచ్చి, హాజరు నొక్కి, అటునుంచటే పాలప్యాకెట్లకు వెళ్ళిపోతున్నారు.

"ఇదేం పద్ధతి బాబాయిగారూ?" అన్నాను.

"హాజరంటే హాజరేనమ్మా. వచ్చానా లేదా? ఎంతసేపున్నావని మీ యాప్ నన్నడగలేదే!"

ఆయనతో తంటా అంతే, నవ్వుకుని ఊరుకున్నాం. అసలు గొడవ తోడికోడళ్ళ దగ్గర వచ్చింది. ఒకే ఇంట్లో కింద వాటాలో పెద్దామె, పై వాటాలో చిన్నామె. చిన్నామె ర్యాంకు పైన, పెద్దామెది కింద. అది వాళ్ళ అత్తగారి కంటపడింది. ఆవిడ నలుగురిలో ఏదో అంది. మర్నాడు పెద్దామె మా ఇంటికొచ్చింది.

"పొద్దున్నే అందరికీ టిఫిన్లు చేసి, మామగారికి మందులిచ్చి రావాలి నేను. ఆలస్యమవదా అండీ? ఆ సంగతి మీ యాప్‌కు తెలుసా?"

తెలియదు. నాకూ తెలియదు. ఆవిడ రావడం మానేసింది. తనవల్లే మానేసిందని నలుగురూ అనుకుంటారని చిన్నామె కూడా మానేసింది. వాళ్ళ స్నేహితురాళ్ళు రెండు పక్షాలై, రెండు పక్షాలూ మానేశాయి. ఒకరోజు ట్యాంకు కింద నేను, సిద్దిపేట పిల్ల, ఖాలమ్మ మాత్రమే మిగిలాం. ట్యాంకు పొర్లి నీళ్ళు పడుతుంటే ఆ చప్పుడు చాలా పెద్దగా వినిపించింది.

"లెక్కల తప్పేం లేదక్కా, మస్తు సార్లు జూసిన" అంది ఆ పిల్ల, కళ్ళల్లో నీళ్ళు తిప్పుకుంటూ.

ఖాలమ్మకు సంగతంతా వివరించాం. ఆమె ఆ పిల్ల ఫోన్లోకి తొంగిచూసింది.

"దీంట్ల నా పేరేడుంది?"

"నువ్వు లేవు ఖాలమ్మా. నీది బటన్ల ఫోనుగదా."

"రోజు నేనొస్తున్న. నేనే లేను దీంట్ల. గిసొంటిదానికి వీళ్ళెందుకు కొట్లాడ్తున్నరు?"

అడిగింది ఎగతాళికి కాదు, నిజంగా అర్థంకాకే. మా జవాబు కోసం చూడకుండా గంప ఎత్తుకుని ఆ తోడికోడళ్ళ ఇంటికి నడిచింది. మేమూ వెనకే వెళ్ళాం. గేటు దగ్గర నిలబడి ఆమె ఒక కేక పెట్టింది. ఖాలమ్మ గొంతు అలాంటిలాంటిది కాదు. పొలంలో ఈ గట్టున నిలబడి ఆ గట్టునున్న కొడుకులను పిలిచి పిలిచి సాగిన గొంతు.

"ఓ పెద్ద కోడలా! ఓ చిన్న కోడలా! మెంతికూర దెచ్చిన. గని ఇయ్యాల ఇంటికాడ ఇయ్య. ట్యాంకు కాడనే ఇస్త. కావాల్నంటె ఇద్దరు ఆడికి రండ్రి. ఒక్కరొస్తె గూడ ఇయ్య!"

కింద తలుపు తెరుచుకుంది. పైన బాల్కనీలోకి చిన్నామె వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చుట్టుపక్కల ఇళ్ళల్లోంచి కూడా తలలు బయటికొచ్చాయి. కాసేపటికి తోడికోడళ్ళిద్దరూ చెరో సంచీ పట్టుకుని ట్యాంకు దగ్గరికొచ్చారు.

"మెంతికూర కోసమే వచ్చాం" అంది పెద్దామె, ముఖం సీరియస్‌గా పెట్టుకుని.

"గట్లనే గాని. వట్టిగ నిలవడకుండ్రి, చేతులు లేపుండ్రి" అంది ఖాలమ్మ.

ఆ సాయంత్రమే సిద్దిపేట పిల్ల ర్యాంకులు తీసిపారేసింది. తీస్తున్నంతసేపూ మూతి బిగించుకునే ఉంది. తీసేశాక మాత్రం నావైపు తిరిగి, "అక్కా, ఖాలమ్మ పిలుపును యాప్‌ల పెడ్తె ఎట్లుంటది?" అంది.

మర్నాడు ఖాలమ్మను సిద్దిపేట పిల్ల ఇంటికి తీసుకెళ్ళాం. ఫోను ముందు పెట్టి మాట్లాడమన్నాం. ఆమె ఫోన్ను చూసింది, మమ్మల్ని చూసింది, సన్నటి గొంతుతో "అందరు... లేవుండ్రి" అని ఆగిపోయింది.

"అట్ల గాదు ఖాలమ్మా. నిన్న గేటు కాడ పిలిచినట్టు."

"ఎదురుంగ మనిషి లేకుంటె ఎట్ల పిలవాలె? గీ డబ్బాను లేపాల్నా?"

సిద్దిపేట పిల్ల వెళ్ళి మంచం మీద పడుకుని నెత్తి దాకా దుప్పటి కప్పుకుంది. ఫోను దిండు పక్కన పెట్టుకుంది. పాపం వాళ్ళాయన పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉన్నాడు. ఖాలమ్మ గుమ్మంలో నిలబడి ఆ దుప్పటి ముద్దను చూసింది. అంతే, గొంతు తన్నుకొచ్చింది.

"ఏంది బేటా, ఇంక పండుకునే ఉన్నవా? పొద్దు నెత్తి మీదికొస్తాంది! నేను కొత్తిమీర గోసి, కట్టలు గట్టి, నడుసుకుంట ఈడిదాంక వచ్చిన. నువ్వు మంచం దిగనీకె గింత కష్టమా? లే! జల్దీ లే! మోకాళ్ళు నొస్తున్నయంటవ్, పండుకుంటె తగ్గుతయా?"

పక్కగది తలుపు తెరిచి వాళ్ళాయన హడలిపోయి తొంగిచూశాడు. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఆ కూతతో సహా ఆ పిలుపును యాప్‌లో పెట్టేశాం. ఫొటో కూడా పెడదామంటే మాత్రం ఖాలమ్మ ఒప్పుకోలేదు. "నా మొఖం దేనికి? గొంతు సాలు" అంది.

అన్ని చోట్లా పొద్దున్నే ఆ గొంతు మోగడం మొదలైంది. రెండు మూడు రోజులకొకసారి కొత్త పిలుపు. శామీర్‌పేట చెరువు మీద మంచు పట్టిందనీ, వానకు పాలకూర కుళ్ళిపోయిందనీ, మనవడికి జలుబు చేసిందనీ ఏదో ఒకటి అందులో ఉండేది. ప్రతిసారీ సిద్దిపేట పిల్ల దుప్పటి కప్పుకోవాల్సిందే. దూలపల్లివాళ్ళు ఆవిడ నాటకాలావిడేమో అనుకున్నారు. జీతం మాట ఖాలమ్మే ఎత్తింది. "గొంతు నాది గదా, వట్టిగ ఎట్లిస్త?" అంది. ట్రైనర్లతో సమానంగా ఇస్తామన్నాం. సరేనంది.

రాలేనివాళ్ళు కారణం చెప్పడానికి యాప్‌లో మాట రికార్డు చేసే వీలు పెట్టాం. అది ట్రైనర్ల కోసం. జనం మాత్రం ఖాలమ్మకే జవాబు చెప్పేవారు. "ఖాలమ్మా, ఇయ్యాల జ్వరమొచ్చింది." "ఖాలమ్మా, తిట్టకు, చుట్టాలొచ్చిండ్రు." మధ్యాహ్నాలు మా వరండాలో కూర్చుని ఆమె మర్నాటి కట్టలు కడుతుంటే మేం ఆ మాటలు వినిపించేవాళ్ళం. ఒకరోజు గండిమైసమ్మ చౌరస్తా వైపు నుంచి, దూలపల్లి బ్యాచ్‌లో చేరిన ఒకామె గొంతు కొత్తగా వినిపించింది. అలసిపోయిన గొంతు.

"ఖాలమ్మా, నేను ఫ్యాక్టరీల నైట్ షిఫ్టు జేస్త. ఇంటికొచ్చి అప్పుడే కన్ను మూస్తున్న, నువ్వు లే అంటున్నవ్. నన్ను పొద్దుగాల లేపకు. పొద్దూకంగ లేపు."

ఖాలమ్మ కడుతున్న కట్ట పక్కన పెట్టేసింది. "హాయ్ అల్లా! అలిసొచ్చి పండుకున్న పిల్లను లేపిన్నా నేను?" అని నొచ్చుకుంది. ఇంక ఆమె మమ్మల్ని నిలవనిస్తేగా! ఆ పిల్లకు వేరే పిలుపు కావాలంది. ఒక్కరి కోసం ఎలా అని చూస్తే, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు అటు గండిమైసమ్మ వైపు చాలామందే ఉన్నారని తెలిసింది. వాళ్ళ కోసం సాయంత్రం బ్యాచ్ పెట్టాం. పిలుపు కూడా మారింది. "నిద్ర సాలిందా బేటా? సాలకుంటె ఇంకింతసేపు పండుకో. సాల్తె రా" అని, ఎంతో మెత్తగా. ఇప్పుడు మా బ్యాచ్‌లన్నిటిలో అదే పెద్దది.

ఆ ఎండాకాలం ఖాలమ్మ గొంతు బొంగురుపోయింది. మొదట దుమ్మనుకున్నాం. తగ్గకపోయేసరికి కొడుకులు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, నేనూ వెంట వెళ్ళాను. స్వరపేటిక మీద చిన్న కాయ ఉందనీ, తీసేస్తే సరిపోతుందనీ, కానీ ఆ తరవాత కొన్ని వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదనీ డాక్టరు చెప్పాడు.

పెద్దకొడుకు ముఖం వేలాడేసుకున్నాడు. "మా అమ్మీ మాట్లాడకుంటనా? డాక్టర్‌సాబ్, ఇంకేమన్న మందుంటె జెప్పుండ్రి."

ఆపరేషను సవ్యంగానే జరిగింది. మౌనమే కష్టమైంది. మాట జారుతుందని కొడుకులు ఆమెను అమ్మకానికి పంపలేదు. సిద్దిపేట పిల్ల ఒక ఉపాయం చెప్పింది. పాత పిలుపులన్నీ కంప్యూటరుకు వినిపిస్తే అదే గొంతుతో కొత్త మాటలు పలుకుతుందట. ఖాలమ్మ ఒప్పుకుంటేనే వాడదామంది. ఒకటి చేసి తెచ్చి వినిపించింది. గొంతు అచ్చం ఆమెదే. "లేవండి బేటా, వ్యాయామానికి వేళయింది" అని తడబాటు లేకుండా చెప్పింది. ఖాలమ్మ ఆసాంతం విని, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని గుర్రుపెట్టినట్టు నటించింది. ఆ పిల్ల పకపకా నవ్వి అక్కడికక్కడే దాన్ని తుడిచేసింది.

దానికి బదులు, ఎవరైనా సరే ఖాలమ్మ తరఫున పిలుపు రికార్డు చేసి పంపవచ్చని అందరికీ చెప్పాం. మొదట పంపింది బాబాయిగారు.

"సభ్యులందరికీ మనవి. ఖాలమ్మగారి అనారోగ్య కారణంగా నేటి ఉదయం మిమ్మల్ని నిద్రలేపు బాధ్యత నాకు అప్పగించబడినది. కావున తాము వెంటనే లేవవలసినదిగా కోరడమైనది."

ఖాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు బయటికి రాకూడదు, లోపల ఆగడంలేదు. ఒళ్ళంతా ఊగిపోయి కళ్ళవెంట నీళ్ళు కారాయి. మళ్ళీ పెట్టమని వేలు చూపించింది. ఆమె అంతలా నవ్విందని తెలిసి బాబాయిగారు ముందు చిన్నబుచ్చుకున్నారు, సాయంత్రానికి ఇంకోటి పంపారు. తోడికోడళ్ళిద్దరూ కలిసి ఒకటి పంపారు. అందులో సగం ఎవరు ముందు మాట్లాడాలన్న వాదనే. దాన్నీ అలాగే పెట్టాం.

ఇంట్లో కూర్చోలేక ఖాలమ్మ డీలాపడిపోతోందని, ఒకరోజు మచ్చ బొల్లారం బ్యాచ్ చూడడానికి వెళ్తూ ఆమెను వెంట తీసుకెళ్ళాను. అక్కడివాళ్ళకు ఆమె గొంతే తెలుసు, మనిషి తెలియదు. డాబా మెట్లెక్కుతుంటే నా చెయ్యి పట్టి ఆపి, పెదాల మీద వేలుపెట్టుకుంది. చెప్పొద్దని. "మా ఇంటి దగ్గర పెద్దావిడ, ఇవాళ మీతో చేస్తారు" అని మాత్రం అన్నాను. ఆమె వెళ్ళి వెనక వరసలో నిలబడింది.

పక్కన ఆకుపచ్చ చుడీదారు వేసుకున్న ఒకామె ఉంది. మనిషి కాస్త బొద్దుగా, నోరు ఆగని రకం.

"అవ్వా, ఇటు జరుగు. గట్ల గాదు. కూసునేటప్పుడు ముడ్డి ఎనకకు పోవాలె, మోకాలు ముందటికి రావద్దు. ఆఁ, గట్ల. నా చెయ్యి పట్టుకో."

నేను నేర్పినవే ఆ మాటలు. ఖాలమ్మ బుద్ధిగా ఆమె చెయ్యి పట్టుకుని, అప్పుడే మొదటిసారి నేర్చుకుంటున్నట్టు కూర్చుని లేచింది. మధ్యలో విరామం ఇచ్చారు. అందరూ పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆకుపచ్చ చుడీదారామె మంచినీళ్ళ సీసా ఖాలమ్మ చేతికిచ్చింది. నేను కాస్త ఎడంగా కూర్చున్నాను, అయినా మాటలు వినిపిస్తున్నాయి.

"నువ్వు కొత్తగొచ్చినవ్, నీకు తెల్వది అవ్వా. మాకు ఖాలమ్మ అని ఒకామె ఉంటది. పొద్దుగాల ఫోన్ల లేపుతది. మస్తు తిడ్తది. మా అత్త పోయినంక నన్ను తిట్టి లేపేటోళ్ళే లేకుండె. అప్పుడు గా తిట్లకు ఏడ్సేదాన్ని. ఇప్పుడు ఖాలమ్మ తిడ్తె మా అత్త యాదికొస్తది."

ఖాలమ్మ సీసా పట్టుకుని కదలకుండా వింటోంది.

"పాపం, ఆమెకు గొంతు బాగలేదంట. గండిమైసమ్మ తల్లికి మొక్కుకున్న, గొంతు మంచిగైతె కొబ్బరికాయ గొడ్తనని. గని ఆమె సాయిబులామె అంట. మా దేవతకు మొక్కితె ఏమన్న అనుకుంటదా? నువ్వేమంటవ్ అవ్వా?"

నాకైతే ఎక్కడ మాట్లాడేస్తుందోనని ఒక భయం, మాట్లాడితే బాగుండునని ఒక ఆశ. ఖాలమ్మ సీసా పక్కన పెట్టి, రెండు చేతులూ ఆమె ముఖం చుట్టూ తిప్పి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. పటపటమని అన్ని వేళ్ళూ మోగాయి. ఆ చప్పుడుకు ఆ వరసంతా ఇటు తిరిగి చూసింది.

"మూగామె అనుకుంట పాపం" అంది ఆకుపచ్చ చుడీదారామె మెల్లగా, నావైపు చూసి.

నేను తల అడ్డంగానూ కాదు, నిలువుగానూ కాదు, ఎలాగో ఊపాను.

తిరుగు ఆటోలో ఖాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బొల్లారం రైల్వే గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు నావైపు తిరిగి, చేతులతో కొబ్బరికాయ ఆకారం చూపించి, పగలగొట్టినట్టు చేసి, తన గొంతు మీద తట్టుకుని, కళ్ళెగరేసింది. అంటే, కొడుతుందంటావా అని. "తప్పకుండా" అన్నాను.

డాక్టరు మాట్లాడవచ్చన్న రోజున ఆమె నేరుగా సిద్దిపేట పిల్ల ఇంటికొచ్చింది. గొంతు మారింది. కాస్త బొంగురుగా, కాస్త కిందికి దిగి ఉంది. మునుపటి కేక రాలేదు. ఆ పిల్ల మంచం మీదికి పోబోతే ఖాలమ్మ వద్దంది. "గీ ఒక్కటి నేను ఫోనుకే చెప్త" అని ఫోను దగ్గరికి లాక్కుంది.

"బేటాలారా, నేనే, ఖాలమ్మను. గొంతు గిట్లయింది, ఏమనుకోకుండ్రి. మచ్చ బొల్లారంల పచ్చ చుడీదార్ బిడ్డా, ఎనక వరసల ఒక ముసల్దాని చెయ్యి పట్టి నేర్పినవ్ జూడు. నేనే గామెను. మూగదాన్ని గాదు. నువ్వు మొక్కుకున్నదానికి నేనేం అనుకుంట? నా గొంతు కోసమే గదా మొక్కినవ్. కాయ కొట్టేనాడు నన్ను గూడ పిలువు. గుడి బయట నిలవడ్త. ఒక చిప్ప నాదే."

బొల్లారం నుంచి జవాబు వచ్చింది. అందులో "అయ్యో... అయ్యో అవ్వా... ముడ్డి ఎనకకు పెట్టుమన్న నిన్ను" అన్న మాట, ఆ వెనక ఎవరెవరో విరగబడి నవ్వడం.

ఒక ఆదివారం ఆమె, ఖాలమ్మ, నేను ముగ్గురం గండిమైసమ్మ గుడికి వెళ్ళాం. అనుకున్నట్టే ఖాలమ్మ గుడి బయట, చెప్పుల పక్కన నిలబడింది. కాయ ఒక్క దెబ్బకే పగిలింది. ఆ రోజు పట్టుచీర కట్టుకుని వచ్చిన ఆకుపచ్చ చుడీదారామె ఒక చిప్ప తెచ్చి ఆమె చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టబోయింది. ఖాలమ్మ మధ్యలోనే రెక్క పట్టుకుని లేపింది.

"వంగుడెందుకు, నడుం నొస్తది" అంది.

చౌరస్తాలో లారీల మోత. ఆటో కోసం నిలబడ్డాం. ఇద్దరూ చిప్ప పగలగొట్టుకుని తింటూ, నన్ను మరిచిపోయి, వాళ్ళ వాళ్ళ అత్తల గురించి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఖాలమ్మకూ ఒక అత్త ఉండేదనీ, ఆమె కూడా బాగా తిట్టేదనీ నాకు ఆ రోజే తెలిసింది. రెండు ఆటోలు వచ్చి మా ముందు ఆగి వెళ్ళిపోయాయి. నేను పిలవలేదు. మాటలు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాం.